హెడర్లు మార్చాక ఎగ్జాస్ట్ లీకవుతోందా? ఏ చోటి లీకుకు ఏ మందు

కారుతో పాటు వచ్చిన, ఇంజిన్ పొగను పోగుచేసే పోత ఇనుము మ్యానిఫోల్డ్ తీసేసి బయట కొన్న హెడర్లు (ఒక్కో సిలిండర్‌కూ విడి గొట్టం ఉండి చివర ఒక్కటయ్యే ఎగ్జాస్ట్ గొట్టాలు) బిగించుకున్న చాలామందికి ఈ బాధ త్వరలోనే ఎదురవుతుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే ఇంజిన్ పక్క నుంచి టిక్ టిక్ మని చప్పుడు. యాక్సిలరేటర్ తొక్కితే చప్పుడూ వేగం అందుకుంటుంది. ఇంజిన్ బాగా వేడెక్కాక సగం తగ్గిపోతుంది. అక్కడి నుంచి సలహాల వాన. రాగి గ్యాస్కెట్ (అతుకు మధ్య సందు మూసే పలచటి పలక) వేయమని ఒకరు, గ్యాస్కెట్ తీసేసి సిలికాన్ పూయమని ఇంకొకరు, వెల్డింగ్ కొట్టించేయమని మరొకరు. ఈ మూడూ ఎక్కడో ఒకచోట పనిచేసేవే. ఒక చోటి మందు ఇంకో చోట పనిచేయకపోవడమే చిక్కు.

అందుకే ఏ గ్యాస్కెట్ మంచిదన్నది నా దృష్టిలో రెండో ప్రశ్న. ఆ అతుకు ఎందుకు తెరుచుకుంటోందన్నది మొదటిది. దానికి జవాబు దొరక్కుండా ఎంత ఖరీదైన గ్యాస్కెట్ వేసినా అది కూడా కాలిపోతుంది, డబ్బూ పోతుంది, ఆదివారమూ పోతుంది.

ముందు చోటు తేల్చుకోండి

లీకు వెతకడానికి ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉండాలి. వేడి మీద లోహం వ్యాకోచించి సందులు కొంత మూసుకుపోతాయి, లీకు దాక్కుంటుంది. స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలోనే చేతిని అతుకు దగ్గరగా, తగలకుండా తిప్పితే వేడి గాలి కొడుతున్న చోటు తెలుస్తుంది. ఇది సులువే కానీ తిరుగుతున్న ఫ్యాన్, బెల్టుల దగ్గర చేయాల్సిన పని, పైగా హెడర్ గొట్టం నిమిషంలో కాలిపోయేంత వేడెక్కుతుంది. అందుకే నాకు నచ్చింది వేరే పద్ధతి. ఇంజిన్ ఆపేసి, వాక్యూమ్ క్లీనర్ గొట్టాన్ని గాలి ఊదే వైపు తగిలించి సైలెన్సర్ చివర గుడ్డతో బిగించి ఊదించండి. ప్రతి అతుకు మీదా సబ్బు నీళ్లు చల్లుతూ రండి. లీకున్న చోట బుడగలు పొంగుతాయి. ఇంజిన్ నడవదు, చేయి కాలదు, సన్నటి బీట కూడా దొరుకుతుంది. పొగ ఊది లీకు చూపించే స్మోక్ మెషిన్ అందుబాటులో ఉంటే ఇంకా మంచిది, ముఖ్యంగా చేయి దూరని పొడుగు హెడర్ల వెనక వైపుకు. కొన్ని రోజులు నడిపిన బండి అయితే సందు చుట్టూ నల్లటి మసి చారలు కనిపిస్తాయి. గ్యాస్కెట్ విప్పినప్పుడు ఆ చారలు పోర్టు (ఇంజిన్ పొగ బయటికొచ్చే రంధ్రం) నుంచి బయటికి ఎటు పరుచుకున్నాయో ఫొటో తీసి పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

టిక్ అన్న ప్రతి చప్పుడూ లీకు కాదు. హెడర్ గొట్టాలు పాత మ్యానిఫోల్డ్ కంటే ప్లగ్ వైర్లకు దగ్గరగా వెళ్తాయి. వైరు తొడుగు కాలిపోతే కరెంటు గొట్టానికి దూకి అచ్చం లీకులాగే టిక్ మంటుంది. చీకట్లో బానెట్ ఎత్తి చూస్తే నీలం మెరుపు కనిపిస్తుంది. ప్లగ్ సరిగ్గా బిగించకపోయినా ఇదే శబ్దం. హెడర్ విప్పే ముందు ఈ రెండూ చూడండి, చాలా శ్రమ తప్పుతుంది.

ఇంజిన్ నడిపి చేసే పరీక్ష ఏదైనా ఆరుబయటే చేయండి. ఎగ్జాస్ట్‌లో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. ఇంజిన్ వెనక గోడకు దగ్గరగా ఉన్న లీకు ఏసీ గాలితో పాటు క్యాబిన్‌లోకి వస్తుంది. లోపల తలనొప్పి, మగతగా అనిపిస్తోందంటే ఆ బండిని రిపేరయ్యే దాకా నడపకండి.

ఇంకో నష్టం పైకి కనిపించదు. ఆక్సిజన్ సెన్సర్‌కు ముందున్న లీకు నుంచి గ్యాసు బయటికి పోవడమే కాదు, రెండు పేలుళ్ల మధ్య పీడనం తగ్గినప్పుడు బయటి గాలి లోపలికి దూరుతుంది. సెన్సర్ ఆ ఆక్సిజన్‌ను చూసి పెట్రోల్ తక్కువైందనుకుంటుంది. ఇంజిన్ కంప్యూటర్ అనవసరంగా ఇంధనం పెంచుతుంది. మైలేజీ పడిపోతుంది, పీ0171 లేదా పీ0174 కోడ్‌తో చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. హెడర్లు వేశాక బండి పెట్రోల్ ఎక్కువ తాగుతోందంటే చాలాసార్లు దోషం హెడర్‌ది కాదు, ఈ సందుది. అందుకే సెన్సర్‌కు ముందున్న లీకు చిన్నదైనా నేను వదలను. పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ దాటాక ఉన్న సన్నటి లీకుకు అంత తొందర లేదు. అలాగని ఎప్పటికీ వదిలేయకూడదు.

ఆ అతుకు కదులుతుంది

గ్యాస్కెట్లు పోల్చే ముందు ఒక చిన్న లెక్క. నాలుగు సిలిండర్ల హెడర్ ఫ్లాంజ్ (గొట్టాలన్నీ వెల్డ్ అయి ఇంజిన్‌కు బోల్టులతో బిగిసే పట్టె) పొడవు 450 మిల్లీమీటర్లు అనుకుందాం. నడుస్తున్నప్పుడు అది 300 డిగ్రీల మేర వేడెక్కితే మామూలు స్టీల్ ఫ్లాంజ్ దాదాపు 1.6 మిల్లీమీటర్లు పెరుగుతుంది. 304 రకం స్టెయిన్‌లెస్ అయితే దాదాపు 2.3. దాని ఎదురుగా ఉన్న అల్యూమినియం హెడ్‌ను, అంటే ఇంజిన్ పైభాగాన్ని, కూలెంట్ చల్లబరుస్తుంటుంది కాబట్టి అది 80 డిగ్రీలే పెరిగిందనుకుంటే 0.8 మిల్లీమీటర్ల దగ్గర ఆగుతుంది. అంటే స్టెయిన్‌లెస్ ఫ్లాంజ్ హెడ్ కంటే మిల్లీమీటరున్నర ఎక్కువ సాగుతుంది, చల్లారాక వెనక్కి వస్తుంది. బండి నడిపిన ప్రతిసారీ ఇదే తంతు. మధ్యలో నలిగేది గ్యాస్కెట్, ఊగేవి బోల్టులు. చివరి సిలిండర్ల దగ్గర ఈ జరుగుడు ఎక్కువ కాబట్టే ముందు వాటి గ్యాస్కెట్లు పోతుంటాయి.

కాబట్టి ఫ్లాంజ్ రంధ్రాలు బోల్టుల కంటే కాస్త పెద్దవిగా, చివర్లలో కోలగా ఉండాలి. అవి బిగుతుగా ఉంటే ఆకురాయితో కోలగా చేసుకోవచ్చు. స్టెయిన్‌లెస్ తుప్పు పట్టదు, చూడ్డానికి బాగుంటుంది కానీ లీకు విషయంలో మామూలు స్టీల్ కంటే పేచీ ఎక్కువ పెడుతుంది. హెడర్లు ఇంకా కొననివాళ్లు ఒక సంగతి చూసుకోండి: ఫ్లాంజ్ మందం. 10 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే నిశ్చింత. 6 ఉన్న ఫ్లాంజ్‌కు బోల్టుల మధ్య వంగే గుణం ఉంటుంది, దాన్ని ఏ గ్యాస్కెట్టూ పూర్తిగా కాపాడలేదు.

హెడ్ దగ్గరి గ్యాస్కెట్: నాలుగు రకాలు

ఏది కొనాలో తేలాలంటే ముందు ఫ్లాంజ్ చదునుగా ఉందో లేదో తెలియాలి. గొట్టాలు వెల్డ్ చేసినప్పటి వేడికి ఫ్లాంజ్ విల్లులా వంగుతుంది. తిన్నటి స్టీల్ స్కేల్‌ను దాని మీద పొడవునా ఒకసారి, మూల నుంచి మూలకు ఒకసారి పెట్టి, కింద ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి ఆకుల కట్ట) దూర్చి చూడండి. 0.1 మిల్లీమీటరు ఆకు కూడా దూరకపోతే అదృష్టవంతులు. 0.25 సులువుగా దూరిందంటే గ్యాస్కెట్ మీద భారం వేయడం కంటే ముఖం చదును చేయించడం మేలని నా అభిప్రాయం. సర్ఫేస్ గ్రైండింగ్ ఉన్న లేత్ షాపులో ఇది చిన్న పనే. పోర్టుల లోపలి అంచున వెల్డింగ్ గుబ్బలు ముఖం కంటే పైకి లేచి ఉన్నాయేమో కూడా వేలితో తడిమి చూడండి. చవక హెడర్లలో ఇది మామూలు. ఆ ఒక్క గుబ్బ గ్యాస్కెట్‌ను ఎత్తి పట్టి చుట్టూ సందు చేస్తుంది.

హెడర్ పెట్టెలో ఉచితంగా వచ్చే పలచటి ఫైబర్ గ్యాస్కెట్‌ను నేను వాడను. వేడికి అందులోని బంధకం కాలి మందం తగ్గుతుంది, బోల్టుల బిగుతు పోతుంది, ఆ సందులోంచి మంట దూరి మిగతాది తినేస్తుంది. కొలత కోసం, ఫిట్టింగ్ సరిచూసుకోవడం కోసం అది పనికొస్తుంది.

మల్టీ లేయర్ స్టీల్, అంటే పలచటి స్టీల్ రేకులు పొరలుగా పేర్చిన గ్యాస్కెట్, ముఖాలు రెండూ చదునుగా నున్నగా ఉన్నచోట అన్నిటికంటే ఎక్కువ కాలం నిలిచేది. పోర్టు చుట్టూ దానికి ఉబ్బెత్తు గీత ఉంటుంది. అది స్ప్రింగులా పనిచేసి కదలికకు తగ్గట్టు సర్దుకుంటుంది. పొరలు ఒకదాని మీద ఒకటి జరగగలవు కాబట్టి పైన చెప్పిన సాగుడును బాగా తట్టుకుంటుంది. కానీ గీతలు పడ్డ హెడ్ మీద, వంగిన ఫ్లాంజ్ కింద ఇది మొదటి రోజే కారుతుంది. రోజూ నడిపే బండికి, ఫ్లాంజ్ చదును చేయించాక నేను వేసేది ఇదే.

మందపాటి గ్రాఫైట్ గ్యాస్కెట్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. బిగించేకొద్దీ నలిగి గుంటల్లోకి, గీతల్లోకి వెళ్లి కూర్చుంటుంది. హెడ్ తుప్పు తిని గరుకుగా ఉన్న పాత బండ్లకు, ఫ్లాంజ్ కొద్దిగా వంగినా విప్పి గ్రైండింగ్‌కు పంపే వీలు లేనివాళ్లకు ఇదే సరైనది. అయితే ఇది పెళుసు. హెడర్‌ను కింద నుంచి పైకి తోస్తూ అమర్చేటప్పుడు అంచు తగిలితే చటుక్కున విరుగుతుంది. కసిగా బిగిస్తే పిండిపిండి అవుతుంది, అందుకే తయారీదారు చెప్పిన టార్క్ (బిగింపు బలం) దాటకూడదు. ఒకసారి నలిగాక మళ్లీ పనికిరాదు. దీని మీద సిలికాన్ పూయడం మంచిది కాదు, జారి బయటికి వస్తుంది.

రాగి రేకు గ్యాస్కెట్‌కు పేరు ఎక్కువ. అది కాలిపోదు, తుప్పు పట్టదు. వాడాక గట్టిపడితే ఎర్రబడేదాకా కాల్చి చల్లారిస్తే మళ్లీ మెత్తబడుతుంది. నీళ్లలో ముంచినా గాలికి వదిలినా ఫలితం ఒకటే. తరచూ హెడర్లు విప్పి బిగించే రేసు బండ్లకు ఈ గుణం వరం. కానీ రాగి నలిగేది చాలా తక్కువ, తిరిగి లేచేదీ తక్కువ. బిగుతు కాస్త తగ్గినా లీకు మొదలవుతుంది, మాటిమాటికీ బోల్టులు చూసుకోవాలి. ఏడాదికోసారి కూడా బానెట్ కింద చేయి పెట్టని వాళ్లకు నేను దీన్ని సూచించను.

ఏది కొన్నా పోర్టు కొలత సరిపోవాలి. గ్యాస్కెట్ రంధ్రం హెడ్ పోర్టు కంటే, గొట్టం నోటి కంటే కొంచెం పెద్దగా ఉండాలి. అంచు లోపలికి పొడుచుకు వస్తే మంట నేరుగా తగిలి అక్కడి నుంచే కాలడం మొదలవుతుంది. గ్యాస్కెట్‌ను ఫ్లాంజ్ మీద పెట్టి లోపలి గీత మార్కర్‌తో గీసి, తీసి చూస్తే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. రెండు గ్యాస్కెట్లు కలిపి వేయడం మాత్రం వద్దు. సందు మూసుకోదు సరికదా, జారే ముఖాలు రెట్టింపవుతాయి.

బోల్టు అడుగు తగిలిందేమో చూడండి

గ్యాస్కెట్ మంచిదే, ఫ్లాంజ్ చదునే, టార్క్ రెంచ్ కూడా సరిగ్గా క్లిక్ మంది, అయినా లీకు. ఇలాంటప్పుడు నేను ముందు అనుమానించేది పాత బోల్టుల పొడవును. పోత ఇనుము మ్యానిఫోల్డ్ చెవులు చాలా బండ్లలో హెడర్ ఫ్లాంజ్ కంటే మందంగా ఉంటాయి. అవే బోల్టులు పలచటి ఫ్లాంజ్‌కు వేస్తే బోల్టు ఆ తేడా మేర ఎక్కువ లోపలికి పోయి రంధ్రం అడుగుకు తగులుతుంది. పానాకు గట్టిగా తగిలినట్టే ఉంటుంది, రెంచ్ క్లిక్ మంటుంది. కానీ ఆ బలం ఫ్లాంజ్ మీద పడదు. స్టడ్ (హెడ్‌లో నాటి ఉండే, తల లేని మరల కడ్డీ) ఉన్నచోట నట్టు మరలు లేని మెడ దగ్గర ఆగిపోయినా ఇంతే.

దీన్ని ముందే పట్టుకోవచ్చు. ఫ్లాంజ్, గ్యాస్కెట్ లేకుండా బోల్టును చేత్తో ఆగేదాకా తిప్పి, తల కింద మిగిలిన ఖాళీ కొలవండి. ఆ ఖాళీ ఫ్లాంజ్, నలిగిన గ్యాస్కెట్, వాషర్ మందాలు మూడూ కలిపిన దానికంటే కనీసం రెండు మిల్లీమీటర్లు తక్కువగా ఉండాలి. లేదంటే పొట్టి బోల్టు తీసుకోండి. మరీ పొట్టిదీ ప్రమాదమే. అల్యూమినియం హెడ్‌లో బోల్టు వ్యాసానికి ఒకటిన్నర రెట్లు మరలు పట్టాలి, 8 మిల్లీమీటర్ల బోల్టుకు 12 మిల్లీమీటర్లు. అంతకంటే తక్కువైతే మర పోతుంది.

బోల్టా స్టడ్డా అని అడిగితే చోటుంటే స్టడ్డే. మాటిమాటికీ విప్పినా హెడ్‌లోని మర అరగదు, గ్యాస్కెట్ వేలాడదీయడానికీ ఆధారం. కానీ చాలా హెడర్లలో స్టడ్ ఉంటే గొట్టం లోపలికి దూరదు, అప్పుడు చిన్న తల ఉన్న బోల్టే గతి. సడలకుండా ఉండడానికి మామూలు స్ప్రింగ్ వాషర్ నమ్మొద్దు. వేడికి దాని స్ప్రింగ్ గుణం పోతుంది. మరలు సడలకుండా పూసే సాధారణ థ్రెడ్ లాకర్ ద్రవం 150 డిగ్రీల దగ్గరే పట్టు వదిలేస్తుంది. ఏటవాలు పళ్లున్న జంట వాషర్లు, రాగి పూత ఉన్న లాక్ నట్లు, తలను పట్టి ఉంచే రేకు లాకులు ఇక్కడ పనిచేసేవి. మరలు పట్టేయకుండా ఆపే యాంటీ సీజ్ పేస్టు రాస్తే తర్వాత విప్పడం సులువు, కానీ రాపిడి తగ్గడం వల్ల అదే టార్క్‌కు బోల్టు ఎక్కువ సాగుతుంది. పొడి మరలకు ఇచ్చిన అంకెను కొంత తగ్గించి వాడాలి.

కొన్ని ఇంజిన్లలో ఈ రంధ్రాలు నేరుగా కూలెంట్ గదిలోకి తెరుచుకుంటాయి. బోల్టు తీయగానే నీళ్లు కారితే కంగారు పడకండి, ఆ బోల్టు మరలకు సీలెంట్ పూసి బిగించాలి.

బిగింపు మధ్య నుంచి చివర్లకు, రెండు మూడు విడతల్లో. 8 మిల్లీమీటర్ల బోల్టుకు సాధారణంగా 20 నుంచి 25 న్యూటన్ మీటర్లు ఇస్తారు, మీ ఇంజిన్ మాన్యువల్ చెప్పిందే చివరి మాట. మొదటిసారి బాగా వేడెక్కి పూర్తిగా చల్లారాక మళ్లీ టార్క్ చూడండి, వందో రెండొందలో కిలోమీటర్లు నడిపాక ఇంకోసారి.

కలెక్టర్ దగ్గరి అతుకు

గొట్టాలన్నీ ఒక్కటయ్యే చోట లీకుకు అసలు కారణం చాలాసార్లు గ్యాస్కెట్ కాదు, వెనకున్న ఎగ్జాస్ట్ బరువు. పైపు వంకరగా కూర్చుంటే బోల్టులతో లాగి కలుపుతారు. ఆ లాగుడు అక్కడే ఉండిపోయి అతుకును రోజూ తెరుస్తుంది. హ్యాంగర్లు, క్లాంపులు అన్నీ వదులు చేసి, హెడ్ వైపు నుంచి వెనక్కి ఒక్కొక్కటీ బిగించుకుంటూ రండి. అప్పుడు కూడా కలవకపోతే పైపు కోసి సరిచేయాల్సిందే. ఇంజిన్ అడ్డంగా ఉన్న కార్లలో అది ముందుకూ వెనక్కూ ఊగుతుంది కాబట్టి మధ్యలో అల్లిక ఉన్న ఫ్లెక్స్ పైపు తప్పనిసరి. అది తీసేసి తిన్నటి గొట్టం పెడితే ఎక్కడో ఒకచోట పగులుతుంది.

మూడు బోల్టుల చదును ఫ్లాంజ్, మధ్యలో కాగితం లాంటి గ్యాస్కెట్: ఉన్నవాటిలో బలహీనమైనది ఇదే. మూడు కొనల దగ్గర బిగుతు, మధ్యలో వదులు. దీన్ని మార్చాలనుకుంటే ముందు చూడాల్సింది బంతి, గిన్నె ఆకారంలో కూర్చునే ఫ్లాంజ్. పైపు రెండు మూడు డిగ్రీలు వంకరగా ఉన్నా సీల్ అవుతుంది, గ్యాస్కెట్ అక్కర్లేదు. రెండు అంచులనూ చుట్టి పట్టే వీ బ్యాండ్ క్లాంప్ ఇంకా శుభ్రం, ఒక్క నట్టుతో ఊడొస్తుంది, తరచూ విప్పేవాళ్లకు చాలా సుఖం. కానీ రెండు ముఖాలూ ఎదురెదురుగా తిన్నగా ఉండాలి, వెల్డ్ చేసేటప్పుడు వంగకూడదు. ఒకదాంట్లో ఒకటి కూర్చునే గాడి ఉన్న రకమే తీసుకోండి. గొట్టంలో గొట్టం దూర్చే అతుకైతే వెడల్పాటి బ్యాండ్ క్లాంప్ వాడండి. యూ ఆకారపు క్లాంప్ పైపును నొక్కి సొట్ట చేస్తుంది. ఆ సొట్ట పక్కనే సందు మిగులుతుంది, తర్వాత ఆ పైపు విడిపోదు కూడా.

పేస్టు, వెల్డింగ్

లోడ్ మీద లాగుతున్న పెట్రోల్ ఇంజిన్‌లో ఎగ్జాస్ట్ గ్యాసు 800 డిగ్రీలు దాటగలదు. రాగి రంగు హై టెంపరేచర్ సిలికాన్ తట్టుకునేది సుమారు 370. హెడ్ చల్లగా ఉంచుతుంది కాబట్టి ఫ్లాంజ్ ముఖం మీద పలచటి పూత కొంతకాలం నిలుస్తుంది. గ్యాస్కెట్ బదులుగా అది చాలదు. వాడితే ఆక్సిజన్ సెన్సర్‌కు హాని చేయని రకమే వాడండి, ఆరడానికి ఒక రోజు ఇవ్వండి. గట్టిపడే ఎగ్జాస్ట్ సిమెంట్ దూర్చిన అతుకుల్లో బాగా పనిచేస్తుంది. కదిలే ఫ్లాంజ్ మీద పెళుసుగా రాలిపోతుంది. బీట మీద పూసి చుట్టే పట్టీ ఇంటికి చేరడానికి మాత్రమే.

గొట్టం పగిలితే టిగ్ వెల్డింగే సరైన మార్గం. బీట రెండు కొనల్లో చిన్న రంధ్రం వేస్తే పగులు పాకదు. తర్వాత బీటను వీ ఆకారంలో అరగదీసి నింపాలి. 304 స్టెయిన్‌లెస్‌కు 308ఎల్ కడ్డీ, స్టెయిన్‌లెస్‌ను మామూలు స్టీల్‌తో కలిపేచోట 309ఎల్. స్టెయిన్‌లెస్ గొట్టం లోపల ఆర్గాన్ నింపకుండా వెల్డ్ చేస్తే లోపలి వైపు నల్లగా పొక్కి మళ్లీ అక్కడే విరుగుతుంది. ఈ మాట వెల్డర్‌ను ముందే అడగండి. బండి మీదే చేయించాల్సి వస్తే బ్యాటరీ తీగలు విప్పాలి. గొట్టాలకు వేడి ఆపే పట్టీ చుట్టి ఉంటే విప్పి చూడండి. అది లోహాన్ని మరింత వేడిగా ఉంచుతుంది, తడిని పట్టి ఉంచుతుంది, మామూలు స్టీల్ గొట్టాలకు బీటలు రావడానికి అదే కారణమై ఉండొచ్చు.

ఒకసారి వెల్డ్ చేసిన చోటే మళ్లీ పగిలిందంటే ఆధారం లేక గొట్టం ఊగుతోందన్న మాట. కలెక్టర్‌ను ఇంజిన్‌కో గేర్‌బాక్స్‌కో కట్టే బ్రాకెట్ వేయించండి. బ్రాకెట్ మరో కొసను బాడీకి మాత్రం కట్టకండి, ఇంజిన్ ఊగినప్పుడల్లా అదే విరుస్తుంది. గొట్టాలు ఫ్లాంజ్‌కు వంకరగా వెల్డ్ అయి, బోల్టులు చేత్తో మరల్లోకి ఎక్కక లాగి బిగించాల్సి వస్తోందంటే ఆ హెడర్‌తో కుస్తీ పట్టకండి. ఒక్క బోల్టు కూడా గట్టిగా బిగించకముందే, గీత పడకముందే ఫొటోలు తీసి వెనక్కి ఇచ్చేయండి. బిగించి వేడి చేశాక ఎవరూ తీసుకోరు.